కాంటా కాడ

తాడ్వాయి రోడ్డు మీద మాది బెల్లం కొట్టు.
తాత తూచిండు, అమ్మ తూచింది, ఇప్పుడు నేను.
జాతరొస్తే మనుషుల్ని తూస్తం,
మనిషంత బంగారం
ముద్దలు ముద్దలుగా అవతల పెడ్తం.
ఇన్నేండ్లల్ల ఎవరూ అడగని మాట
మొన్న చందమామ మీదికెల్లి వచ్చింది.

నర్సంపేట మనిషి, కొమ్రక్క.
అక్కడ గొట్టాలు అతికే పని.
గాలి కారిపోయిన రాత్రి మొక్కుకున్నదట:
పదకొండు మందిమి బతికితే నిలువెత్తు ఇస్త తల్లీ, అని.
బతికిన్రు.

"వదినా, నర్సంపేటల నేను యాభై నాలుగు కిలోలు.
ఇక్కడ కాంటా ఎక్కితే తొమ్మిదే.
తల్లికి ఎంత బాకీ?"

రెండు రాత్రులు నిద్ర పట్టలే.
తొమ్మిదంటే దొంగ తూకం అయితది.
యాభై నాలుగంటే, అంత బెల్లం ఎవడు మోస్తడు పైకి?
ఆఖరికి అటక మీది తాత తక్కెడ దించి
బూజు తుడిచిన.
ఒక పళ్లెంల నువ్వు, ఒక పళ్లెంల బెల్లం.
నువ్వు తేలికైతే బెల్లమూ తేలికే గద బిడ్డా!
స్ప్రింగు కాంటా జాగను బట్టి మాట మారుస్తది.
తక్కెడ మారదు.
యాభై నాలుగే, అని రాసి పంపిన.

మళ్ల రాసింది:
"మాఘ పున్నమి ఎట్ల వదినా?
నేను నిలబడ్డదే చందమామ.
మీకు నిండు పున్నమైతే
మాకు భూమి అమాస."

"కాజీపేట మహబూబ్ పాషాకు రంది లేదు.
భూమి ఎప్పుడూ ఒక్క తావునే వేలాడుతది,
అటు మర్లి నమాజు చేస్తడు.
నా తల్లి దిక్కు అడివి.
అడివి ఎటు?"

కంక లేదు,
మిగిలిన గొట్టం ముక్క నిలబెట్టిన్రట.
వాగు లేదు,
నీళ్లు గిలాసల లెక్క,
తడిబట్టతోని మొఖం తుడుచుకున్నరట.
తల్లి వస్తదా అని అడిగితే ఏం చెప్పను?
నేను బెల్లమమ్మేదాన్ని, వడ్డెను గాను.
చీకట్ల అడివిలకెల్లే గద వచ్చేది,
అమాస ఆమెకు కొత్తనా, అని మాత్రం అన్న.

దిగొచ్చినంక ఇక్కడ్నే తూస్త అన్న.
వద్దన్నది.
అక్కడ మొక్కింది అక్కడనే తీరాలెనట.
సామాన్ల సందు దొరికితే ఏడాదికి రెండు కిలోలు.
ఇరవై ఏడేండ్ల బాకీ.
నేనుంటనో లేదో, పద్దు రాసి పెట్టిన.

మొదటి ముద్ద గొట్టం మొదట్ల పెట్టి
మూడొద్దులు చూసిందట.
పెట్టింది పెట్టినట్టే ఉన్నది.
నిన్న ఒక్క ముక్కే రాసింది:
"వదినా, ఇక్కడ చీమలు లేవు."