పదిహేడో గడి

ఎర్ర పెయింటుతో గీత గీసినారు
మా సెలూను గోడమీద, అద్దానికి జానెడు లోపల.
తిరుపతి పెరగాలంటే జానెడే కదప్పా, అన్నారు.
ఫ్లైఓవరు స్తంభాలు లేచినాక
మిగిలిన ముక్కనూ చదును చేసి
తెల్లగళ్లు కొట్టినారు.

ఇప్పుడు ఈడనే టోకెన్లు చించుతా ఉండా.
పదిహేడో గడి, నా కుర్చీ ఉండిన చోటు.
బెంగుళూరు ఇన్నోవా ఒకటి
చల్లారతా టిక్కుటిక్కుమంటాంది.

కొండ దిగొచ్చేవాళ్లంతా గుండ్లే,
చందనం పూసుకొని.
సెలూనుండినా ఏం గొరిగేది వీళ్లకి?

చెంగల్రాయుడు మాత్రం ఆదివారం పొద్దున్నే వస్తాడు,
వాడుక పోక.
గడ్డం నిమురుకుంటా నిలబడతాడు.

పైన లారీలు ఉరుముతాంటే
ఇన్నోవా పక్కద్దం ఆయన మొగానికి తిప్పి
జేబులోంచి కత్తెర తీస్తా.
డ్రైవరు టీ తాగొచ్చేలోపల
ఒక మీసానికి టైముండాది.