పేరు లేని దిబ్బ

మెహదీపట్నం ల్యాబులో రాత్రంతా
ఎవరెవరివో తెల్లకణాలు లెక్కపెట్టిన బొటనవేలు
తెల్లారేసరికి గండిపేట ఒడ్డున
అదే లెక్కమీట మీద
కొంగల కోసం కాచుక్కూచుంటుంది.

ఎల్లేశం పుట్టిని నెత్తిన బోర్లించుకుని వస్తాడు.
దూరానికి, కాళ్లు సాగిన తాబేలు.
నీళ్లలో వెల్లకిలా వేసి
"నడిమిట్ల కూసో డాక్టరమ్మా,
ఊపిరి గూడ ఓ పక్కకు ఇడవకు" అంటాడు.
డాక్టర్ని కానని చెప్పడం
ఎప్పుడో మానేశాను.

పుట్టికి ముందూ వెనకా ఉండవు.
నేను తెడ్డేస్తే గానుగెద్దు.
అతను నీళ్లలో ఎనిమిది అంకె మీద ఎనిమిది అంకె దిద్దుతుంటే
ఒడ్డే మమ్మల్ని వదిలి వెనక్కి నడుస్తుంది.

ఎండలు ముదిరేకొద్దీ
చెరువులోంచి దిబ్బలు లేస్తాయి.
నా ఫోన్లో అక్కడంతా ఒకటే నీలం.
ఎల్లేశం తాతలకు మాత్రం పేర్లున్నాయి:
ముసలోని మోకాలు.
దానవతల ఉప్పుబస్తా,
నీటికాకుల రెట్టకు తెల్లబడి
దగ్గరికెళ్తే కళ్లు మండే బండ.
మూడోదానికి పేరు లేదు.
"అది ఏటేటా ఒక్కతీరుగ లెవ్వదమ్మా.
పేరు పెట్టినంక నిలబడాలె గదా."

కోకాపేట అద్దాల మేడలు
తలకిందులుగా నీళ్లలో వణుకుతున్నాయి.
పాముమెడ పిట్ట ఒకటి
ముప్పయ్యో అంతస్తులో మునిగి
పన్నెండో అంతస్తులో చేపతో తేలింది.
ఒకటి.
నత్తగొట్టు కొంగలు పదిహేడు,
మూసినా మూతపడని ముక్కులతో.
బుడుబుంగలు… ఎన్నిసార్లు లెక్కపెట్టినా
మునిగినవి మునిగినట్టే తేలవు.
నాలుగు గూడబాతులు, దావత్‌కి తొందరపడి వచ్చి
వడ్డన కోసం చూస్తున్న పెద్దమనుషుల్లా.

మూడో దిబ్బ మీద కాలు పెట్టబోయానో లేదో
తీతువు నెత్తి మీదికొచ్చి అరిచింది.
మా నాయనమ్మ ఆ కూత వింటే
పొయ్యి మీది ఎసరు దించేసి
గడపలో నీళ్లు చల్లేది.
"అపశకునమా?" అన్నాను, సగం నవ్వుతూ.
"మనకు గాదు," అన్నాడు ఎల్లేశం. "దానికి మనమే."
నా కాలు గాల్లోనే ఆగింది.
చెప్పుకూ నేలకూ మధ్య జానెడు.
ఆ జానెడు కింద గులకరాళ్లు.
అందులో నాలుగు గులకరాళ్లు కావు.
గూడు లేదు, గడ్డిపోచ లేదు,
ఉత్త నేల మీద మచ్చల గుడ్లు
మొనలన్నీ లోపలికి పెట్టి
ఏదో మాట్లాడుకుంటున్నట్టు.

కాగితంలో గుడ్లకు గడి లేదు.
మీట నొక్కలేదు.

మృగశిర మర్నాడు వికారాబాద్ గుట్టల మీద వాన.
నగరంలో రోడ్లు కూడా తడవలేదు.
ఆదివారం వెళ్లేసరికి మూసీ
ఎర్రగా, చప్పుడు లేకుండా వచ్చి ఉంది.
మోకాలు మునిగింది. ఉప్పుబస్తా తెల్లదనం
గీతంత మిగిలింది.
ఎల్లేశం ఒకచోట పుట్టి ఆపి తెడ్డు నిలువునా దించాడు.
మోచేతి లోతున ఠక్కుమంది.
"గిదే."

పైన తీతువు
నీళ్ల చుట్టూ అదే కొలత గుండ్రం తిరుగుతోంది,
నేలున్నప్పుడు తిరిగినంత.

"పిల్లలై ఉంటే ఈదుతయమ్మా. చూసిన నేను."
"గుడ్లే అయితే?"
అతను తెడ్డుకంటిన బురదను
బొటనవేలితో గీకుతూ కూచున్నాడు.
పుట్టి దానంతటదే ఒక చుట్టు తిరిగింది.
ఆ రోజు ఇంకేదీ లెక్కపెట్టలేదు.
నాలుగుసార్లు నొక్కాను, అంతే.

రాత్రి ల్యాబులో మొదటి స్లైడు.
నీలిరంగు మరకల్లో తెల్లకణాలు
దిబ్బలు దిబ్బలుగా.
వందకు లెక్కపెట్టాలి.
మీటను సున్నాకు తిప్పబుద్ధి కాలేదు.
నూటనాలుగు దాకా నొక్కి
వంద అని రాశాను.