పెట్టె జరపండి

ఘాట్ రోడ్డు మూడో మలుపు దగ్గర
నా ఆటో దగ్గింది.
"మా ముసలి మేక ఇట్టాగే దగ్గేది" అంది కోటమ్మ.
దిగి నడుస్తానంది. నేనొప్పుకోలేదు.
డెబ్బయ్యారేళ్ల మోకాళ్లు, నెత్తిన ఎండ,
లోయలోకి జారే సీతాఫలం పొదలు.

కొండపల్లి ఖిల్లా ముందు టికెట్ కిటికీ.
"నా పేర్లోనే కోట ఉందయ్యా,
నాక్కూడానా?"
కిటికీ వెనక కుర్రాడు నవ్వాడు గానీ
రూపాయి తగ్గించలేదు.
కొంగుముడి విప్పి, చెమట నోటు ఇచ్చి
ఆ చీటీని జాకెట్లో దోపుకుంది
రేషన్ కార్డంత భద్రంగా.

లోపల చల్లగా ఉంది. సున్నం కొత్తది.
గాజుపెట్టెల్లో పిడుల్లేని బాకులు,
ఓ ఫిరంగి గుండు, పక్కన దాని బరువు రాసిన అట్టముక్క.
గోడకి బోర్డు. ఆమెకి చదువు రాదు, నేను చదివాను:
రాణీవాసం.

"ఇదా?
ఇక్కడ మా బొల్లి మేక ఈనింది.
రెండు పిల్లలు. ఒకటి ఎదురు కాళ్లతో వచ్చింది.
రాత్రంతా ఉరుములు. నాకప్పుడు పన్నెండేళ్లు.
ఓణీ చించి తుడిచాను.
ఏ రాణన్నా వచ్చి పురుడు పోసిందా?"

"అమ్మా, గోడ ముట్టుకోకు" అన్నాడు గార్డు నాగుల్ మీరా.
పెనం మీంచి తీసినట్టు చెయ్యి తీసింది.
ఆ చేత్తోనే పైకి చూపించింది:
"ఆ మూల చూడు, కప్పు కలిసే చోట.
ఈశాన్యం గాలితో వానొస్తే
అక్కణ్ణించే దిగుద్ది. ముందు చుక్క, తర్వాత ధార.
ఆ పెట్టె జరపండి."

పెట్టెలో ఏముందో ఆవిడ చూళ్లేదు.
నేను చూశాను: ఎవరిదో మఖమల్ అంగీ,
జరీ నల్లబడి, చంకలో చిన్న చిరుగు.

"ఇంజనీర్లు చూశారమ్మా. కోట్లు పోశారు."
"పోయండి. నేనైతే
ఆ మూల మేకని కట్టేదాన్ని కాదు."

బురుజెక్కాం. కింద కరెంటు ప్లాంటు పొగగొట్టాలు,
వాటి వెనక సన్నగా కృష్ణ.
"అవి లేనప్పుడు ఏరు ఇంకా వెడల్పు" అంది,
అంతకుమించి ఏమీ అనలేదు.
దిగేటప్పుడు మలుపు మలుపుకీ
జాకెట్లో చీటీ ఉందో లేదో తడుముకుంది.

కార్తీకంలో తుఫాను పట్టింది.
రెండో రాత్రి, కరెంటు పోయాక, ఫోను మోగింది.
నాగుల్ మీరా. ఆటో వెనక నంబరు
ఆ రోజే రాసుకున్నాడట. ఎందుకో చెప్పలేదు.
"పెద్దమ్మకి చెప్పు, జరిపాం.
అరగంట ఆలస్యమైతే అంగీ పోయేది.
ఇప్పుడు దక్షిణం మూల కూడా కారతంది.
ఆ నీళ్లు ఎటు పోతాయో అడుగు, అన్నా."

గోనెసంచి నెత్తినేసుకుని, వీధి దాటి
కోటమ్మ తలుపు కొట్టాను.
మంచమ్మీదే కూర్చుని, కళ్లు మూసుకుని
కాసేపు ఆ చీకట్లో కొండెక్కింది.

"దక్షిణమా...
అది గడప దాకా వచ్చి ఆగుద్ది.
కంగారేం లేదు.
కాస్త ఎండుగడ్డి ఎయ్యమను."