జీడిగింజ గుర్తు

సిరొంచలో కరెంటు పోయిన రాత్రి
రోమ్ పాఠం చదువుతున్నాను.
పుస్తకం మరాఠీ, వినే చెవి తెలుగు.
ఒక్కో వాక్యం దగ్గర ఆగి
ఇంటి మాటల్లోకి దించాలి అమ్మకు,
గాడిద మీంచి మూట దించినట్టు.

మా అమ్మ పోసుబాయి
తడివేలు ఇస్త్రీపెట్టె అడుగుకు ఆనించి
చుయ్‌మన్న చప్పుడుతో
బొగ్గుల కాక ఎంతో చెబుతుంది.
"ఊఁ, చదువు బిడ్డా."

పైన చక్రవర్తి, కింద సెనేటు పెద్దలు,
వాళ్ల బట్టకు ఊదారంగు అంచు.
ఆ కింద గుర్రాల హోదా ఉన్న ధనికులు,
ఆ కింద మామూలు పౌరులు,
విడుదలైన బానిసలు, విడుదల కాని బానిసలు.
"మెట్లు మంచిగనే కట్టిండ్రు" అంది
కాలరు మీంచి చూపు తియ్యకుండా.

పేజీ తిప్పితే ఒక చాకలి.
పాతకాలపు గోడమీది బొమ్మ:
గుడ్డ ఎగ్గట్టి తొట్టిలో నిలబడి తొక్కుతున్నాడు.
తొట్టిలో ఉన్నవి ఉత్త నీళ్లు కావు,
వీధి మొగల్లో కుండలు పెట్టి పట్టిన మూత్రం.
నిలవ చేస్తే మురికిని కోస్తుందట.
దానిమీద కూడా పన్నేశాడట ఓ చక్రవర్తి.

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు.
"పాపం, గాళ్ల కాళ్లు ఎట్ల పగిలేటియో" అని
తన అరికాలు దీపం వైపు తిప్పుకుంది.
చౌడు తిన్న కాలు.
ముప్పై ఏళ్లు ప్రాణహితలో నాని,
బ్యారేజీ నీళ్లు వెనక్కెగదన్ని రేవు మునిగాక
బోరింగు దగ్గర వంతుకు నిలబడుతున్న కాలు.

తెల్లటి టోగా పౌరుడికే.
ఓట్లడిగేవాడు దానికి సుద్ద రుద్దించుకుని
మరింత తెల్లగా అంగట్లోకి వచ్చేవాడట.
"మన తునికాకు కాంట్రాక్టరు లెక్కనే.
పోయిన ఎలచ్చన్ల కుర్తాల పైసలు ఇంక ఇయ్యలే."
కాసేపాగి, "మరి ఉతికినోడు కట్టుకునేటోడా?"
బానిసైతే కట్టుకోకూడదన్నాను.
అమ్మ ఏమీ అనలేదు.
ఎవరిదో పెద్ద చొక్కా, భుజాలు సరిచేసింది
లోపల మనిషి ఉన్నట్టే.

రోమ్‌కు జనాభా లెక్క పెద్ద తతంగం:
ఎవరికెంత ఆస్తి, ఎవరిది ఏ మెట్టు.
సిరొంచ లెక్క అమ్మ దగ్గరుంది.
ఆమెకు అక్షరం రాదు, జీడిగింజ వచ్చు.
తహసీలు గుమాస్తాకు రెండు చుక్కలు,
పోలీసు లైనుకు అడ్డగీత,
పాటిల్ ఇంటికి త్రిశూలం,
వేరుపడ్డ పాటిల్ తమ్ముడికి
అదే త్రిశూలం, ఒక మొన తక్కువ.
మా బట్టలకే ఏ గుర్తూ లేదు.
చిన్నప్పుడు అడిగితే
"మనయి ఎవలల్ల కలుస్తయే?" అంది.

వంతెన దాటితే మా కులానికి ఒక పేరు,
ఇవతల సర్టిఫికెట్టు మీద ఇంకో పేరు,
ఇంట్లో ఎవరూ పలకని పేరు.

పడుకోబోతూ అడిగింది:
"గా రోమోళ్ల చాకలోళ్లు ఏం గుర్తు పెట్టేటోళ్లు?"
వెతికాను. యుద్ధాలున్నాయి,
వేడినీళ్ల స్నానశాలలున్నాయి,
గుర్తుల సంగతి లేదు.
"రాసినోడు ఉతికిచ్చుకున్నోడై ఉంటడు"
అటు తిరిగి పడుకుంది.

పొద్దున చూస్తే
తొట్టిలో మనిషి పాదాల పక్కన
మూడు గీతలు, కింద ఒక సున్న.
ఊళ్లో ఏ ఇంటిదీ కాని గుర్తు.
జీడిరసం ఊరుకోదు కదా,
కాగితంలోకి దిగి
వెనక పేజీలో చక్రవర్తి నుదుట తేలింది.

గ్రంథాలయంలో ముప్పై రూపాయలు జరిమానా కట్టాను.
రసీదు మీద నా పేరు తప్పు రాశారు.