ఊఁ కొట్టే పెట్టె

ఎవరూ కథ చెప్పడం లేదు.
అయినా సోఫా పక్కన నల్ల పెట్టె
ఊఁ కొడుతూనే ఉంది.

బల్లారట్‌లో జూలై, ఆదివారం.
వడగళ్లు వెయ్యాలా వద్దా అని తేల్చుకోలేని ఆకాశం.
లోపల హీటరు, ఏప్రిల్లో కొన్న ఏడు స్పీకర్లు,
వాటన్నిటి అడుగున
ఊరవతల పిండిమర తిరుగుతున్నట్టు
ఒకే శ్రుతి, ఒకే మొండితనం.
సౌండు తగ్గిస్తే తగ్గదు.
సినిమాలో ఎవరో చచ్చిపోయి
అందరూ తల దించుకున్న చోట
మరీ బాగా వినిపిస్తుంది.

వకుళ ఆసుపత్రిలో చెవులు పరీక్షిస్తుంది.
తల ఒక పక్కకి వంచి
వంకాయల ధర చెప్పినట్టు చెప్పింది: "యాభై.
యాభై హెర్ట్జ్. గోడలో ఉన్న కరెంటు గొంతు అది.
పైన జీమంటున్నది వేరే.
రోగి ఒకడే, రోగాలు రెండు."

జీ ముందు దొరికింది.
లైటు వెలుతురు తగ్గించే గుండ్రటి మీట
పూర్తిగా తిప్పితే నోరు మూసుకుంది.
ఊఁ మాత్రం ఊఁ.

ఇక ఒక్కొక్కటీ పీకడం మొదలుపెట్టాం.
డిస్క్ ప్లేయర్ పీకాం. ఊఁ.
పిల్లాడి గేమ్ బాక్స్. ఊఁ.
నలభై డాలర్ల కొత్త వైరు వేశాం, బంగారుపూత మూతిది.
అదే ఊఁ, కాస్త ఖరీదుగా.

పక్కింటి డెస్మండ్, ఒకప్పుడు ట్రాములు బాగుచేసినవాడు,
కంచె మీంచి సలహా విసిరాడు:
ప్లగ్గుకి మూడో కాలు విరిచెయ్, పోతుంది.
ఆయనకి నవ్వుతూ థాంక్స్ చెప్పి
తలుపేశాక నాతో అంది వకుళ,
"పోతుంది. తాకినవాడు కూడా."

చివరికి మిగిలింది టీవీ వెనక యాంటెన్నా వైరు,
ఎవరూ అనుమానించని పెద్దల్లుడిలా
గోడకి ఆనుకుని.
మర తిప్పి లాగాను.

ఆగింది.

కప్పు మీద యాంటెన్నాకి ఒక ఎర్త్ అట,
ప్లగ్గుకి ఇంకొకటి అట.
రెంటి మధ్యా కరెంటు
గానుగెద్దులా తిరుగుతోందట.
"అంటే రెండు నేలలు!" అన్నాను.
నా మొహం చూసి పసిగట్టింది.
"దీన్ని మన మీదికి తిప్పి కవిత్వం చెయ్యకు.
పంతొమ్మిది డాలర్ల ఐసొలేటర్ చాలు.
మంగళవారం తెస్తాను."

సరే. చెయ్యను.

కానీ ఆ నిశ్శబ్దంలో
ఫ్రిజ్ వినిపించింది, గడియారం వినిపించింది,
నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.
మూడు నెలలుగా ఈ గదిలో మేం
అరుచుకుంటూ మాట్లాడుకున్నాం.

"ఏప్రిల్లో ఈ సోఫా మీదే
నువ్వేదో అడిగావు కదూ?"
వైర్లు చుట్టలు చుట్టి రబ్బరుబ్యాండ్లు వేస్తోంది.
"బెండిగోలో ఉద్యోగం. వదులుకోనా అని."
"నేనేమన్నాను?"
"ఊఁ అన్నావు."

పెట్టె మీద పచ్చదీపం
ఇంకేమీ అనకుండా వెలుగుతోంది.

తర్వాత వంటింట్లోంచి ఏదో అంది, మెల్లగా.
నాలుక చివరికొచ్చిన ఊఁ మింగి
లేచాను,
అక్కడిదాకా వెళ్లాను,
"మళ్లీ చెప్పు" అన్నాను.

పాలయిపోయాయట.
వడగళ్లు పడుతున్నాయి.
బూట్లు వేసుకున్నాను.