రవ్వంత

చిత్తూరు కోర్టు గేటుకెదురుగా
జిరాక్సు మిషనుకూ టీ బంకుకూ నడుమ
నా టైపు బల్ల.

విండోస్‌కు డబ్బు కట్టలేనంటే
చెల్లెలి కొడుకు లినక్స్ ఎక్కించి పోయినాడు.
ఉత్తినే వస్తుంది పెద్దమ్మా, అన్నాడు.
నిజమే, ఉత్తినే వచ్చింది.
అక్షరాలు మాత్రం
తడిగోడ మీది సున్నం మాదిరి పెచ్చులూడి వచ్చినాయి.

రోడ్డు మీద తిరుపతి బస్సుల నిండా
గుడికి పోయేవాళ్ళు.
నా స్క్రీను మీద గుడి
తన అక్షరాన్ని వదిలేసి
పక్కదాని నెత్తిన కూర్చుంది.
కొమ్ము విరిగింది.

తోతాపురి కాయల బాకీకి అర్జీ రాయించను వచ్చిన
చెంగల్రాయులు అద్దాలు పైకెత్తి చూసి
"ఏందిమే, నా పేరుకు కాలు యాడబోయె?" అన్నాడు.
ల కింద ఒదిగి ఉండాల్సిన రావత్తు
(మా అయివారు దాన్ని క్రావడి అనేవాడు)
అక్కడ లేదు.
పొల్లు ల ఒక గడపలో, రా ఇంకో గడపలో,
భాగాలు పంచుకున్న అన్నదమ్ముల్లాగా.

ఆ రాత్రి షట్టరు సగం దించి
సెట్టింగుల ఫైలు తెరిచినాను.
ముందు ఏ ఫాంటు, అది లేకుంటే ఏది,
వరస రాసినాను.
అంచులు నున్నగా దిద్దమన్నాను.
హింటింగ్ కాడ చెయ్యి ఆగింది.
ఇంగ్లీషులో నాలుగు మాటలు,
నా నోటికి ఇట్లా తిరిగినాయి:
వద్దు, రవ్వంత, మధ్యస్తం, పూర్తిగా.

పూర్తిగా అంటే
మన గుండ్రాలన్నిటినీ గళ్ళలోకి కుక్కి
ఠ-కు మోచేతులు మొలిపించింది.
వద్దంటే ఒకటే మంచు.
రవ్వంత, అన్నాను.
కూరలో ఉప్పుకు కూడా
ఎప్పుడూ ఇంతసేపు ఆలోచించిందాన్ని కాదు.

కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమనింది.
వీధి మొత్తానికీ వెలుగుతున్న ఒక్క స్క్రీను మీద
సున్న సున్న మాదిరే ఉంది.
ల, కింద తన క్రావడిని
కాలు మడిచి కూర్చోబెట్టుకోనుంది.

సోమవారం ముసలాయన వచ్చి
గాజు మీద వేలు పెట్టి
తన పేరును ఈ కొస నుంచి ఆ కొసకు తడిమినాడు.
"నిలబడిందిమే."
వేలు అట్లే కిందికి జారి
బాకీ మొత్తం కాడ ఆగింది.
"ఈ అంకెలు మొదట్నించీ బాగనే కనబడతాండాయి గదా,
ఫ్యాక్టరీవానికి తప్ప."

నేనేమీ అనలేదు. ప్రింటు నొక్కినాను.
పాత మిషను, అరిగిన డ్రమ్ము.
కాగితం మీద సరిగ్గా ఆ ల కిందనే
ఒక మసి చార.

దాని సంగతి రేపు చూడాల.