ఫర్వానియాలో సంతకాలు

బకాలా ముందర బల్లేసుకుని కూర్చున్నా,
ఖుబూస్ కొనేటోళ్ళను ఆపి సంతకం అడుగుతాండా.
"బడి బస్సు ఆయమ్మవి, నీకెందుకు ఇయ్యన్నీ?" అంటాండారు.

జోయెల్‌ని చూసింది నేనే.
పదకొండేళ్ళు. ఆఖరి సీటు కింద ముడుచుకోని,
టిఫిను డబ్బాలో రెండు ఖర్జూరాలు,
ఒక కాలికే చెప్పు.
ఏసీ ఆపిన బస్సు మే నెలలో ఎట్లుంటాదో
ఎక్కి కూర్చుంటే తెలుస్తాది.

"ఇంటికి పోదాం పా" అన్నా.
చెప్పు లేని కాలు లోపలికి లాక్కున్నాడు.

స్టేషన్లో మొదట అడిగింది సివిల్ ఐడీ,
తర్వాత నాయన నంబరు.
అరగంటలో ఆయనొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.
ఎందుకు పారిపోయినావని
ఎవురూ అడగలే.
నేనూ అడగలే.

అందుకే ఎంబసీకి ఈ కాగితం.
ఒక గది కావల్ల, రాత్రంతా లైటు వెలిగే గది.
మన మాట తెలిసిన మనిషి ఒకరుండల్ల.
ఇంటికి ఫోను కొట్టకముందు
బిడ్డ నోటికాడ చెవి పెట్టల్ల.

నలభై మూడు సంతకాలు, ఆరు వేలిముద్రలు.

నిన్న మాపటేల జోయెల్ నాయనొచ్చినాడు, పాలకి.
కాగితం రెండుసార్లు చదివినాడు.
పెన్ను ఆనించి, చాలాసేపు అట్లనే నిలబడి,
పాలు మరిచిపోయి ఎల్లిపోయినాడు.

యాభయ్యో గీత మీద సిరా చుక్క.
దాన్ని లెక్కెయ్యల్నా వద్దా?